రెండు పాటల మధ్య కబుర్లు

సంగీతం దగ్గర సంగీతమే మాట్లాడాలి, ఇంటద్దె, మోకాళ్ళ నొప్పులు, పిల్లల ఫీజులు అక్కడికి మోసుకురాకూడదు అని చాలామందికి గట్టి నమ్మకం. నాకా నమ్మకం లేదు. జాజ్ విషయంలో అయితే అస్సలు లేదు. జాజ్ వాయించేవాళ్ళూ, వినేవాళ్ళూ ఒకచోట చేరారంటే పావుగంట పాట గురించి, ముప్పావుగంట సంసారం గురించి మాట్లాడుకుంటారు. "ఏమిటీ, సంగీతం వినడానికొచ్చి ఈ సోది" అని మొహం చిట్లించేవాళ్ళని చూశాను. ఆ ముప్పావుగంట లేకపోతే ఆ పావుగంట కూడా ఉండదని నేనంటాను. ఎందుకంటున్నానో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

నాకూ జాజ్‌కీ చుట్టరికం ఎక్కడ కలిసిందంటారా? మేముండేది న్యూజెర్సీలో. మా అమ్మాయి వాళ్ళ హైస్కూల్ జాజ్ బ్యాండ్‌లో సాక్సోఫోన్ వాయిస్తుంది. సాయంత్రం నేను పోపు వేసే వేళకి పై గదిలో దాని సాధన మొదలవుతుంది. నాలుగేళ్ళుగా రెండూ కలిసే నడుస్తున్నాయి కాబట్టి, ఎక్కడ తడబడిందో ఆవాలు చిటపటలాడుతున్నా నాకు తెలిసిపోతుంది. మన కచేరీలు విన్నవాళ్ళకి జాజ్ మరీ పరాయిది కాదు. కల్పనస్వరాలు పాడేటప్పుడు విద్వాంసుడు ఎటు వెళ్తాడో మనకి ముందే తెలియదు కదా, జాజ్‌లో సోలో కూడా అంతే. పాట అందరికీ తెలిసిందే, ఆ పూట దాన్ని ఎటు తిప్పుతారన్నదే తెలియదు. ఒక్కోసారి వాయించేవాళ్ళకే తెలియదు. అందుకని ఇంట్లో రికార్డు ఎన్నిసార్లు విన్నా, ఎదురుగా కూర్చుని వినడం వేరు.

మా ఊరి లైబ్రరీలో నెలకో ఆదివారం మధ్యాహ్నం జాజ్ పెడతారు. టికెట్ లేదు, తలుపు దగ్గర ఒక గాజు జాడీ ఉంటుంది, తోచింది వేయడమే. వినేవాళ్ళలో సగానికి పైగా డెబ్భై దాటినవాళ్ళు. మధ్యలో ఇరవై నిమిషాలు విరామం. వాయించేవాళ్ళు లోపలికి వెళ్ళిపోరు, మన పక్క కుర్చీల్లోకే వచ్చి కూర్చుంటారు. అప్పుడు వినాలి కబుర్లు! మనిషంత ఎత్తున్న బేస్‌ని మూడో అంతస్తు నుంచి దింపలేక నడుం పట్టేసిందని ఒకాయన. రీడ్ల డబ్బా ధర మళ్ళీ పెరిగిందని ఇంకొకాయన. డ్రమ్స్ వాయించే అమ్మాయి ఫోన్లో చంటివాడికి పాలు పట్టారో లేదో కనుక్కుంటుంది. ఒక పెద్దావిడ, చిన్నప్పుడు వాళ్ళాయనతో న్యూయార్క్ వెళ్ళి ఎవరి కచేరీ విన్నదో మొదలుపెట్టి, ఆయన పోయాక ఇంటి పన్ను ఎలా కడుతున్నదో దగ్గర ముగిస్తుంది. నేను పట్టుకెళ్ళిన చెక్కలు చేతులు మారుతుంటాయి. విరామం అయ్యాక ఆ బేస్ ఆయనే నడుం సంగతి మర్చిపోయి వాయిస్తుంటే, నాకు మొదటి సగం కన్నా రెండో సగం ఎక్కువ అర్థమవుతుంది. స్వరజ్ఞానం ఇరవై నిమిషాల్లో పెరగదు, నిజమే. వాయిస్తున్నది ఎవరో తెలిసింది, అంతే.

ఇది మా చిన్న ఊరి ముచ్చటే అనుకోకండి. న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అని ఒక క్లబ్ ఉంది. 1935లో మాక్స్ గోర్డన్ మొదలుపెట్టాడు. మెట్లు దిగి వెళ్ళే నేలమాళిగ, కూర్చునే చోటు వందా పాతిక మందికి మించి ఉండదు. ఆయన 1989లో పోయాక భార్య లొరేన్ గోర్డన్ దాన్ని చేతిలోకి తీసుకుని, 2018లో తను పోయేదాకా నడిపింది. అక్కడ కళాకారులకి ప్రత్యేకంగా అలంకరణ గది అంటూ లేదు. ఒకప్పటి వంటగదే వాళ్ళ గది, ఆఫీసూ అదే. వంట మానేసి ఏళ్ళు గడిచినా అందరూ దాన్ని ఇప్పటికీ వంటగది అనే అంటారు. ప్రపంచంలో పేరున్న జాజ్ వాళ్ళంతా రెండు కచేరీల మధ్య ఆ వంటగదిలో కూర్చునే కబుర్లు చెప్పుకున్నారు. మన ఇళ్ళల్లో ముందు గది ఎంత బాగా సర్దినా, అసలు మాటలు వంటింటి గట్టు దగ్గరే కదా జరిగేది!

అదే క్లబ్‌లో 1961 జూన్ 25, ఆదివారం, పియానిస్ట్ బిల్ ఎవాన్స్ ముగ్గురి బృందం వాయించినదంతా రికార్డు చేశారు. జాజ్ రికార్డుల్లో దానికి చాలా పెద్ద పేరు. చెవి పెట్టి వింటే పియానో వెనకాల గ్లాసుల చప్పుడు, ఎవరో నవ్వడం, ఎవరో మాట్లాడుకోవడం వినిపిస్తాయి. ఇంత గొప్ప వాద్యం జరుగుతుంటే మాటలేమిటని కోపగించుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ బృందంలో బేస్ వాయించిన స్కాట్ లఫారోకి అప్పుడు 25 ఏళ్ళు. 11 రోజుల తర్వాత కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ ముగ్గురూ కలిసి చేసిన చివరి రికార్డింగ్ అదే అయింది. నాకు మాత్రం ఆ గ్లాసుల చప్పుడు వింటుంటే కోపం రాదు, గుండె బరువెక్కుతుంది. ఆ రోజు అక్కడున్న వాళ్ళు అదొక మామూలు ఆదివారం అనుకున్నారు. సోమవారం పనుల గురించి మాట్లాడుకుని ఉంటారు. ప్రత్యక్షంగా వినడం అంటే అదే మరి, చరిత్ర పక్కన కూర్చుని కూడా మనం మన ఇంటి సంగతే చెప్పుకుంటూ ఉంటాం.

అలాగని వాయిస్తున్నప్పుడు మాట్లాడొచ్చని నేను అనను. పాట నడుస్తుంటే నోరు మూసుకోవడం కనీస మర్యాద. ఫోన్ ఎత్తి పట్టుకుని వెనక వాళ్ళకి అడ్డం పడటం అంతకన్నా తప్పు. నేను చెప్పేది పాట ఆగాక సంగతి. అప్పుడు లేచి కారు తాళాలు వెతుక్కోకుండా, ఓ పది నిమిషాలు ఉండండి అంటున్నాను.

కబుర్ల విలువ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. మనలో చాలామంది ఫ్లషింగ్ వినాయకుడి గుడికి వెళ్తాం, దర్శనం అయ్యాక కింద క్యాంటీన్‌లో దోసె తినకుండా రాం. అక్కడికి దగ్గర్లోనే, క్వీన్స్‌లోనే, కరోనా అనే పేట ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఇల్లు అక్కడే. ఆ ఇల్లు ఎంచింది ఆయన కాదు, భార్య లూసిల్. కాటన్ క్లబ్‌లో నాట్యం చేసే ఆవిడ. ఆయన ఏడాదిలో మూడు వందల రోజులు ఊళ్ళు తిరుగుతుంటే, 1943లో ఆయన చూడకుండానే ఇల్లు కొనేసింది. ఆయన టాక్సీలో వచ్చి, ఇది నా ఇల్లేనా అని నమ్మకం కుదరక, టాక్సీ వాణ్ణి కాసేపు ఆగమన్నాడట. ఇంకా పెద్ద బంగళా కొనుక్కునే డబ్బు వచ్చాక కూడా మామూలు కూలీనాలీ జనం ఉండే ఆ వీధి వదల్లేదు. 1971లో కన్నుమూసే దాకా ఆ ఇంట్లోనే ఉన్నాడు. వీధి పిల్లలు ఆయన మెట్ల మీదే ఆడుకునేవాళ్ళు.

ఆయనకి టేప్ రికార్డర్ పిచ్చి. 650కి పైగా టేపులు వదిలి వెళ్ళాడు. వాటిలో ట్రంపెట్ సాధన ఉంది, ఇష్టమైన రికార్డులు ఉన్నాయి, వాటితో పాటు ఇంటికొచ్చిన స్నేహితులతో చెప్పుకున్న జోకులు, తిండి సంగతులు, పాత రోజుల కష్టాలు, ఉత్తి పిచ్చాపాటీ కూడా ఉంది. ఒక్కో టేపు పెట్టె మీద కాగితం బొమ్మలు కత్తిరించి తనే అతికించుకునేవాడు. అంత పెద్ద కళాకారుడు తన ఇంటి కబుర్లు పారేయడానికి వీల్లేదనుకున్నాడు. తన ఉత్తరాల చివర కూడా సంతకానికి ముందు న్యూ ఆర్లీన్స్ వాళ్ళ రాజ్మా అన్నాన్నే తలుచుకునేవాడు. 2003లో ఆ ఇల్లు మ్యూజియం అయింది. లూసిల్ ముచ్చటపడి చేయించుకున్న నీలం రంగు వంటగది అలాగే ఉంచారు. ఈసారి గుడికి వెళ్ళినప్పుడు అటు కూడా వెళ్ళి రండి. వంటగది చూసి అసూయపడకపోతే నన్నడగండి.

ఇక నేను అసలు చెప్పదలుచుకున్న మాటకి వస్తాను. ఈ కబుర్లలో వచ్చే అద్దెలు, రోగాలు, తిండి, పిల్లలు ఇవన్నీ ఎవరో మోస్తేనే పాట వేదిక మీదికి వస్తుంది. కబుర్లని చిన్నచూపు చూడటమంటే, ఆ మోసినవాళ్ళని లెక్కలోంచి తీసేయడమే.

మిల్ట్ హింటన్ అనే బేస్ విద్వాంసుడు 1936 నుంచి పదిహేనేళ్ళు కాబ్ కాలోవే బృందంలో ఉన్నాడు. అప్పట్లో దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళకి హోటల్లో గది ఇచ్చేవాళ్ళు కాదు, చాలా చోట్ల తిండి పెట్టేవాళ్ళూ కాదు. రాత్రి తెల్లవాళ్ళ ముందు వాయించి చప్పట్లు కొట్టించుకున్న వాళ్ళకి తెల్లారితే తలదాచుకునే చోటుండదు. మిల్ట్ భార్య మోనా ఆ బృందంతో పాటు తిరిగేది. ఊళ్ళో దిగగానే నల్లవాళ్ళ పేటల్లోకి వెళ్ళి, ఇల్లిల్లూ అడిగి, అంతమందికీ గదులు, భోజనాలు కుదిర్చేది. వేలకొద్దీ ఫోటోలు తీసిన మిల్ట్ పేరు పుస్తకాల్లో ఉంది, ఉండాలి కూడా. మోనా చేసినదానికి మాత్రం ఏ రికార్డు అట్ట మీదా వాద్యం పేరు ఉండదు. నన్నడిగితే ఆ బృందంలో అందరికన్నా కష్టమైన వాద్యం ఆవిడదే.

థెలోనియస్ మంక్ సంగతి చూడండి. 1940 నుంచి 1967 దాకా న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్బుల్లో వాయించాలంటే పోలీసులు ఇచ్చే క్యాబరే కార్డు ఉండాలి. 1951లో మంక్ కార్డు లాగేసుకున్నారు. ఆరేళ్ళ దాకా తిరిగి రాలేదు. సొంత ఊళ్ళో వాయించే దారి దాదాపు మూసుకుపోయింది. ఇంట్లో చిన్నపిల్లలు. ఆ ఆరేళ్ళూ ఇల్లు గడిచింది ముఖ్యంగా భార్య నెల్లీ కుట్టుపని లాంటివి చేసి తెచ్చిన డబ్బుతో. ఈయన పియానో ముందు కూర్చుని పాటలు కడుతూనే ఉన్నాడు. 1957లో నెల్లీకి థైరాయిడ్ ఆపరేషన్ అయింది. ఆ కలతలో ఆవిడ పేరు పెట్టి ఆయన ఒక చిన్న రచన చేశాడు. ప్రతి పాటనీ ఎప్పటికప్పుడు మార్చి వాయించే సంగీతం కదా ఇది, ఆ ఒక్కదాంట్లో మాత్రం సోలోలకి చోటు పెట్టలేదు. కట్టింది కట్టినట్టే వాయించేవాడు. ఆ సంగతి తెలిశాక ఆ పాట నాకు వేరేగా వినిపిస్తుంది. ఈ వివరం తెలియాలంటే ఎవరో ఒకరు వాళ్ళింటి సంగతి ఇంకొకరికి చెప్పి ఉండాలి. కబురు లేకపోతే ఆ పాటకి సగం అర్థం పోయేది.

1960ల్లో పనోనికా అనే సంపన్నురాలు, మంక్‌కి చాలా దగ్గరి స్నేహితురాలు, మూడొందల మంది జాజ్ కళాకారులని ఒకే ప్రశ్న అడిగి జవాబులు రాసిపెట్టుకుంది. మూడు కోరికలు తీరతాయంటే ఏం కోరుకుంటావు అని. తర్వాత అవి పుస్తకంగా వచ్చాయి. ఇంకా బాగా వాయించాలన్న కోరిక ఉంది, ఉండదా మరి. దాని పక్కనే డబ్బు, ఆరోగ్యం, ఇంట్లోవాళ్ళ క్షేమం కూడా ఉన్నాయి. అచ్చం మనం దేవుడి ముందు నిలబడి దండం పెట్టుకునేవే. పెద్ద కళాకారుల కోరికలు పెద్దగా ఉంటాయనుకునేవాళ్ళు ఆ జవాబులు చూడాలి.

ఆరోగ్యం అంటే గుర్తొచ్చింది. ఈ దేశంలో చాలామందికి ఉద్యోగంతోనే ఆరోగ్య బీమా వస్తుందని ఇక్కడున్న మనందరికీ తెలుసు. ఇవాళ ఒకచోట, రేపు ఒకచోట వాయించేవాళ్ళకి ఏ ఉద్యోగం కింద వస్తుంది? ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ మా న్యూజెర్సీలోనే, ఇంగిల్‌వుడ్‌లో ఉండేవాడు. 1993 జనవరిలో అక్కడి ఆసుపత్రిలోనే చనిపోయాడు. చివరి రోజుల్లో, చికిత్సకి డబ్బు కట్టలేని తోటి కళాకారులని చూడమని డాక్టర్లని అడిగాడు. వాళ్ళు సరేనన్నారు. 1989లో మొదలైన జాజ్ ఫౌండేషన్ ఆఫ్ అమెరికా అనే సంస్థతో కలిసి ఆ ఆసుపత్రి ఎంతోమంది జాజ్ వాళ్ళకి ఉచితంగా వైద్యం చేసింది. ఆ ఫౌండేషన్ అద్దె కట్టలేని వాళ్ళకి సాయం చేస్తుంది. 2005లో కత్రినా తుపాను వచ్చి న్యూ ఆర్లీన్స్ మునిగినప్పుడు అక్కడి సంగీతకారులకీ ఆసరా అయింది. చావు మంచం మీద డిజ్జీ అడిగిన ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరికి గుండె జబ్బు, ఎవరికి పన్ను నొప్పి, ఎవరు డాక్టర్ దగ్గరికి వెళ్ళడం వాయిదా వేస్తున్నారు అని ఏళ్ళ తరబడి విన్న కబుర్లలోంచే వచ్చిందని నా నమ్మకం.

ఇదంతా విన్నాక మావారు ఎప్పుడూ వేసే ప్రశ్న ఒకటుంది. "ఇన్ని కష్టాలు నువ్వే చెప్తున్నావు, మళ్ళీ అమ్మాయిని అందులోకే పంపిద్దామంటావా?" వచ్చే ఏడాది అది సంగీత కళాశాలకి అప్లై చేస్తానంటోంది. మా ఇంట్లో ఇప్పుడు రోజూ ఇదే చర్చ. మావారి భయం పనికిమాలినదని నేను అనను. ఆ లైబ్రరీ విరామంలో బీమా మాట వచ్చినప్పుడల్లా నా కడుపులోనూ దేవుతుంది. మన చుట్టుపక్కల వాళ్ళయితే, "అప్లికేషన్‌లో బాగుంటుందని నేర్పించారు కదా, ఇక చాల్లే" అని తేల్చేస్తారు. పిల్లల చేతికి వాయిద్యం ఇచ్చి, పదేళ్ళు సాధన చేయించి, మనసు పెట్టే వయసు వచ్చాక అది కాగితం మీద ఒక వరస కోసమే అని చెప్పడం మాత్రం నాకు అన్యాయంగా తోస్తుంది.

మా అత్తగారిది విజయనగరం. ఈ గొడవంతా వీడియో కాల్‌లో విని ఆవిడ ఒకటే అన్నారు: "మా ఊళ్ళో పాట నేర్చుకునే పిల్లలు వారాలు చేసుకుని బతికేవారమ్మా. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఒకరింట్లో తినేవారు. అన్నం పెట్టిన ఆడవాళ్ళకి రాగాలు తెలియకపోవచ్చు, పిల్లాడు నీరసంగా ఉన్నాడో లేదో తెలిసేది." ఇంతసేపూ నేను చెప్తున్నది అదే. ఏ దేశంలోనైనా సంగీతం బతికింది అలాంటి ఇళ్ళ మీదే. న్యూయార్క్ హార్లెమ్‌లో పియానిస్ట్ మేరీ లూ విలియమ్స్ ఇల్లు 1940ల్లో అలాంటిదే. రాత్రి కచేరీలు ముగించుకుని మంక్, డిజ్జీ లాంటివాళ్ళంతా ఆవిడ ఇంట్లో చేరి తెల్లారేదాకా వాయించుకునేవాళ్ళు, మాట్లాడుకునేవాళ్ళు. అదే హార్లెమ్‌లో మార్జరీ ఇలియట్ అనే ఆవిడ కొడుకుని పోగొట్టుకుని, ఆ దుఃఖంలోంచి 1990ల్లో తన ఇంటి హాల్లోనే ఆదివారం సాయంత్రాలు జాజ్ కచేరీలు మొదలుపెట్టింది. టికెట్ లేదు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఆవిడ హాల్లో మడత కుర్చీలు వేసి వచ్చినవాళ్ళకి చోటిచ్చింది, ఆ వచ్చినవాళ్ళే ఆవిడని నిలబెట్టారు.

కాబట్టి మావారికి నేను చెప్పే జవాబు ఇది. అమ్మాయిని అప్లై చేయనిద్దాం. దాంతో పాటు, ఆ కష్టాలని బెదిరించడానికి కాకుండా నేర్పించడానికి వాడుకుందాం. నెలకి ఇంతలో ఇల్లు ఎలా గడుస్తుందో లెక్క రాయడం నేర్పిద్దాం. పప్పు, చారు, నాలుగు కూరలు రావాలి. సంగీతం పాఠాలు చెప్పడమో, ఇంకో పనో చేతిలో ఉండాలి. దాని కోసం ఎవరో మోనాలాగా ఇల్లిల్లూ తిరిగితే ఆ మనిషి పేరు వేదిక మీద నుంచి చెప్పడం రావాలి. అది ఎవరికోసమో నెల్లీలాగా కుట్టుపని చేయాల్సి వస్తే, ఆ లెక్క ముందే కూర్చుని మాట్లాడుకోవడం రావాలి. ఇవన్నీ ఏ సంగీత కళాశాల నేర్పుతుందో నాకు తెలియదు గానీ, రెండు పాటల మధ్య కబుర్లు వినే పిల్లకి సగం వచ్చేస్తాయి. అందుకే దాన్ని లైబ్రరీకి తీసుకెళ్ళినప్పుడు విరామంలో ఫోన్ తీయనివ్వను.

మీ పిల్లలు బ్యాండ్‌లో ఉంటే మీక్కూడా ఒక మాట. వాళ్ళ అంశం అయిపోగానే లేచి రావద్దు. మిగతా పిల్లలవి కూడా వినండి, అయ్యాక ఆ మాస్టారితో రెండు నిమిషాలు మాట్లాడండి. మీ ఊళ్ళో ఎక్కడైనా జాజ్ ఉంటే, జాజే కానక్కర్లేదు, వీణ అయినా సరే, వెళ్ళి కూర్చోండి. టికెట్ ఉంటే కొనండి, జాడీ ఉంటే ఉత్త చిల్లర కాకుండా నోటు వేయండి. పాట ఎంత బాగుందో చెప్పండి, చెప్పాక అక్కడే ఆగిపోకండి. మన ఊళ్ళల్లో మనిషి కనిపించగానే మొదట అడిగేది ఏమిటి? "భోజనం అయిందా?" అని. అలసిపోయి వాయిద్యం పెట్టెలో సర్దుకుంటున్న మనిషిని ఆ మాట అడిగి చూడండి. ఆ తర్వాత వాళ్ళు చెప్పేది తీరిగ్గా వినండి.